కాటా మీద

ఆసుపత్రికి ఏడు మెట్లు.
ఎనిమిదోది కూడా ఉండాది, అడుగున, సగం విరిగింది.
దాన్ని ఎవరూ లెక్కపెట్టరు.

పక్కన వాలుబాట ఉండాది, అబద్ధమెందుకు.
దాని మీద రెండు బుల్లెట్లు, ఒక స్కూటీ,
ఎవరిదో టిఫిన్ క్యారియర్ తగిలించిన సైకిలు.
పైకొసన గొలుసు, గొలుసుకు తాళం,
తాళంచెవి నైటు వాచ్‌మన్ జేబులో,
వాచ్‌మన్ కాణిపాకం పక్కన వాళ్ళ పల్లెలో, నిద్రలో.

"ఎత్తుకుంటాంలేమ్మా" అంటారు.
ఇద్దరొస్తారు.
ఒకడు చంకల కింద, ఒకడు మోకాళ్ళ కింద.
"పట్టుకున్న్యావా?" అని అడుగుతారు,
నన్ను కాదు, ఒకర్నొకరు.
చెప్పులు విడిచి గుళ్ళోకి పోయినట్టు
నా కుర్చీ కింద విడిచి పైకి పోతాను.
ఎవురన్నా తొక్కుతారేమో, జరుపుతారేమోనని
మనసు అక్కడనే.

డాక్టరమ్మ మంచిదే. చిన్నపిల్ల, పలమనేరు యాస.
"బరువెంత?" అన్నది కాగితంలోంచి తలెత్తకుండా.
బరువు చూడాలంటే మిషన్ మీద నిలబడాల.
నేను నిలబడి పద్దెనిమిదేండ్లు.
నర్సు షాహీనా నన్ను కిందికీ పైకీ చూసి
"యాభై వేసుకోండి మేడం" అన్నది,
సంతలో పొట్టేలును చూసి చెప్పినట్టు.
యాభై అని పడింది.
ఆ యాభై మీదనే మందు.
ఆ రాత్రి మంచం తిరిగింది, మిద్దె తిరిగింది,
గుండె నా కుట్టుమిషన్ మాదిరి
గుడ్డ లేకుండానే పరిగెత్తింది.

మూడోనాడు ఎదురింటి చెంగల్రాయుడు,
బెల్లం మండీలో హమాలీ, మాట తక్కువ బీడీ ఎక్కువ,
అంతా విని "అంతేనా? రా" అన్నాడు.

మండీకి మెట్లు లేవు.
వీధి నించి లోపలిదాకా సిమెంటు వాలు,
తోపుడుబండ్లు పోయి పోయి నున్నగా మెరుస్తా ఉండాది.
గేట్లో రెండు బండ్లు ఎదురెదురుగా పట్టేంత జాగా.
కాటా అంటే నేలకు సమంగా పరిచిన ఇనుపపలక.
నా చక్రం నేనే తోసుకున్న్యాను.
ఎక్కింది కూడా తెలీలేదు,
ముల్లు కదిలితేనే తెలిసింది.

ఈగలు. పాకం వాసన. అవతల వేలంపాట కేకలు.
గుమాస్తా కండ్లద్దాల మీదినించి చూసి
"ఏం సరుకబ్బా ఇది?" అన్నాడు.
"నల్లబెల్లం" అన్న్యాను.
అందరూ నవ్వినారు. నేను కూడా, చాన్నాళ్ళకి.

కుర్చీతో అరవై ఒకటి ముప్పావు.
తర్వాత నన్ను గోనెల మీద దించమని అడిగినాను.
ఎట్ల పట్టుకోవాలో చెప్పినాను,
చెంగల్రాయుడు అట్లనే పట్టుకున్న్యాడు.
కుర్చీ ఒక్కటే ఇరవై మూడు.
అంటే నేను ముప్పై ఎనిమిది ముప్పావు.
ఇన్నేండ్లలో నా గురించి
ఒకరు సరిగ్గా చెప్పిన మాట ఇదొక్కటే.
చీటీ రాసిచ్చినారు. మండీ పేరు, తేదీ,
సరుకు అని ఉన్న చోట: రెడ్డెమ్మ.
కమీషన్ అని ఉన్న చోట అడ్డగీత.

దోవలో అడిగినాను.
"అన్నా, ఈ వాలు కట్టమని మీకెవరు చెప్పినారు?"
బీడీ పారేసి, చాలాసేపటికి,
"చెప్పేదేముండాది మేయ్.
బెల్లం మెట్లెక్కదు గదా" అన్నాడు.

సోమవారం నేను పైకి పోలేదు.
కానుగచెట్టు నీడలో నా కుర్చీలోనే ఉండి
చీటీ పైకి పంపినాను.
డాక్టరమ్మ దిగొచ్చింది, ఏడు మెట్లు.
ఎనిమిదోదాని మీద కాలు జారి
నా కుర్చీ చెయ్యి పట్టుకుని నిలదొక్కుకుంది.
అట్లనే వంగి చీటీ ఇంకొకసారి చదివింది.
యాభై కొట్టేసింది.
చీటీలోంచి ఒక చీమ ఆమె వేళ్ళ మీదికెక్కింది, విదిలించలేదు.

"ఉండమ్మా" అని వాలుబాట కాడికి పోయి
స్కూటీ స్టాండు తీసింది.
ఆమెదేనంట.
బుల్లెట్లు ఎవరివో ఇంకా తెలియలేదు.
తాళం సంగతి రేపంట.